‘షన్’తో ముగియు మాటలు

పంచాయతీ సభ్యులారా! కార్యాలయమునకు వచ్చు కాగితములలో ‘షన్’ అని ముగియు ఇంగ్లీషు మాటలు తరచుగా కనబడుచుండును. వాటిలో పెక్కింటి చివర టి, ఐ, ఓ, ఎన్ అను నాలుగు అక్షరములు వరుసగా నుండును. లాటిన్ నుండి వచ్చిన ఈ ప్రత్యయము క్రియను నామముగా మార్చును. మనము ‘అమ్ము’ నుండి ‘అమ్మకము’, ‘కోరు’ నుండి ‘కోరిక’ అనునట్లే యిదియును. ‘రిజల్యూషన్’ అనగా తీర్మానము. ‘కాంపెన్సేషన్’ అనగా నష్టపరిహారము.

చివర ఒకటే యైనను మొదలు వేరు. అచటనే జాగ్రత్త వహింపవలెను. ‘అక్విజిషన్’, ‘రిక్విజిషన్’ అను రెండు మాటలు చెవికి కవలలవలె వినబడును. రెంటికిని మూలము ‘వెదకు, కోరు’ అను అర్థముగల లాటిన్ ధాతువే. కాని భూమి విషయమున మొదటిది సేకరణ. దానితో యాజమాన్యమే చేతులు మారును. రెండవది అవసరము తీరువరకు వాడుకకు తీసికొనుట. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము క్రింద ఎన్నికల పనికి వాహనములను, భవనములను ఇట్లు తీసికొందురు. పని ముగిసిన పిమ్మట అవి యజమానికి తిరిగి చేరును. సేకరించిన పొలము అట్లు తిరిగి రాదు.

‘నోటిఫికేషన్’, ‘డిక్లరేషన్’ అను జంటయు అట్టిదే. రెంటిని ‘ప్రకటన’ యని చెప్పి ఊరకున్న రైతు నష్టపోవును. 2013 నాటి భూసేకరణ చట్టమున మొదట ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడును. దానిని పంచాయతీలో స్థానిక భాషలో ప్రకటింపవలెను. అది వెలువడిన నాటి నుండి 60 దినములలోగా ఆ భూమితో సంబంధముగలవారు తమ అభ్యంతరములను వ్రాతమూలకముగా కలెక్టరునకు తెలుపుకొనవచ్చును. వాటిని విచారించిన పిమ్మట వచ్చునది డిక్లరేషన్. అప్పటికి ఆ 60 దినముల గడువు దాటిపోయియుండును. ఆపై ముఖ్యముగా మిగులునవి నష్టపరిహారమును గూర్చిన విన్నపములే. మొదటి కాగితమును చావడిలో చదివి వినిపించిన సభ్యుడు ఊరికి మేలు చేసినవాడగును.

ఇక ‘శాంక్షన్’. రేడియోలో ఒక దేశముపై శాంక్షన్లు విధించిరని విన్నచో అవి ఆంక్షలు. మన కాగితములో అదే మాటకు మంజూరు అని యర్థము. అందును రెండు మెట్లు గలవు. పనికి, దాని వ్యయమునకు అధికారులు సమ్మతించుట పరిపాలనా మంజూరు. అంచనాను ఇంజనీరు పరిశీలించి ఆమోదించుట సాంకేతిక మంజూరు. మంజూరైనంత మాత్రమున సొమ్ము చేతికి వచ్చినట్లు కాదు.

తెలుగును అధికారభాషగా జేయు చట్టము ఆంధ్రప్రదేశమున 1966లోనే వచ్చినది. కావున అర్థము కాని మాటను తెలుగులో చెప్పుడని అడుగుటకు సంకోచింపవలదు. సంతకమునకు ముందు అడిగిన ప్రశ్న చిన్నతనము కాదు. సంతకము చేసిన పిదప తెలిసిన అర్థము అక్కరకు రాదని మనవి చేయుచున్నాము.