జటామాంసి తైలము – ఋతుభేదము

మూలికల యంగడిలో జటామాంసి యని యడిగినచో, గోధుమవన్నె పీచుతో నిండిన వేళ్లముక్కలను తూచి యిత్తురు. తలనూనెలలో వేయుటకు దీనిని కొందురు. యోహాను సువార్త 12వ అధ్యాయములో 300 దేనారముల వెలగల యత్తరు జటామాంసిదే. దినమునకొక దేనారము కూలిగా నున్న యా కాలమున నది యించుమించు సంవత్సరపు కూలి. ప్రాచీనుల యా సుగంధద్రవ్యము హిమాలయపు మూలికయని సర్ విలియం జోన్సు 1790లో ప్రకటితమైన వ్యాసమున నిరూపింప యత్నించెను.

నూనెలు రెండువిధములు. నువ్వులనూనె బొట్టు కాగితముపై మచ్చను నిలుపును. నీలగిరితైలపు బొట్టు కొంతసేపటికి గాలిలో గలిసిపోవును. ఈ రెండవదానికి సుగంధతైలమని పేరు. జటామాంసి తైలము నిట్టిదే. ఎండువేళ్లగుండ నీటియావిరిని పోనిచ్చి, యా యావిరిని చల్లార్చి దీనిని తీయుదురు. నూరు పాళ్ల వేరునకు సాధారణముగా ఒకటి రెండు పాళ్ల తైలము మాత్రమే లభించును.

ఈ మొక్క కుమావూను, నేపాళము, సిక్కిము, భూటాను ప్రాంతములందు 3,000 మొదలు 5,000 మీటర్ల యెత్తున పెరుగును. శీతకాలమున ఆకులును కాడయు నశించును. నేలలోని వేరుమాత్రము బ్రతికియుండును. మంచు కరగినపిమ్మట వేరు తన నిలువను వెచ్చించి క్రొత్త యాకులను పుట్టించును. వేసవిని, వానకాలమును ఆకులు సూర్యరశ్మిచే నాహారమును సిద్ధపరచి వేరునకు పంపును. శరత్కాలమున విత్తులు ముదిరి రాలును, ఆకులు వాడును, వేరు బలిసియుండును. కావున వేరునందలి తైలము సంవత్సరమంతయు నొకేరీతి నుండదు. ఎత్తును, నేలయు, నీడయు గూడ దానిని మార్చును.

ఆకు కోసిన తులసి మరల చిగుర్చును. జటామాంసిని కోయుట యన వేరును పెల్లగించుటయే. మొక్క అంతటితో చచ్చును. విత్తులు రాలకమునుపే త్రవ్వినచో సంతానమును లేకపోవును. వెలకాశపడి తొందరపడినందున ననేక కొండలపై నీ మొక్క యరుదైనది. అందుచే 1997లో దీని విదేశవర్తకము అంతర్జాతీయ నిబంధనలకు లోబరుపబడెను.

విత్తులు రాలిన పిదప, కొన్ని మొక్కలను విడిచి త్రవ్వుటయే మంచిపద్ధతి. అప్పుడు బలిసిన వేరు వైద్యునికి దక్కును. మొలకెత్తు విత్తు కొండకు దక్కును. కొన్నివారము లోర్చుకొనుటవలన నిద్దరికిని మేలగుచున్నది.