నొప్పి పోయాక క్యాప్ ఎందుకు?

ప్రశ్న: బండల పాలిషింగ్ యూనిట్‌లో పని చేస్తాను. వయసు 44. నాలుగు నెలల కింద కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ చేయించుకున్నా. ఇప్పుడు నొప్పి లేదు, సలుపు లేదు. డాక్టర్ గారు మాత్రం క్యాప్ వేయించుకోమని ఒకటే పోరు. బాగున్న పన్నుకు మళ్లీ ఖర్చెందుకు?
- ఒక పాఠకుడు, తాండూరు

జవాబు: నొప్పి లేకపోవడమే ఇక్కడ చిక్కు. నరం తీసేసిన పన్ను విరిగేదాకా ఏ కబురూ చెప్పదు. పోయిన వానాకాలంలో ఒకాయన సగం పన్నును కాగితం పొట్లంలో కట్టుకుని వచ్చారు. అన్నం తింటుంటే పప్పులో రాయి తగిలిందట. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది గానీ, ఎంత మంచి పప్పయినా ఏరుకోకపోతే రాయి రాయే! ఆయన పన్ను నిలువునా చీలి, చీలిక చిగురు కిందికి, వేరు దాకా పోయింది. పీకడం తప్ప దారి లేకపోయింది. రూట్ కెనాల్‌కు పెట్టిన డబ్బూ దాంతోనే పోయింది.

నాపరాయి పొర సందులో ఉలి దించి నాలుగు దెబ్బలు వేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? పుచ్చు తవ్వి, పన్ను లోపలి గది పైకప్పు తీసి, వేళ్లలోకి దారి చేశాక మీ పన్నుకు మిగిలేది చుట్టూ గోడలు, మధ్యలో ఫిల్లింగ్. జొన్నరొట్టె నమిలినా, మక్క ప్యాలాలు కొరికినా పైపన్ను మొన సరిగ్గా ఆ మధ్యలో దిగి గోడలను బయటికి తోస్తుంది. రోజుకు కొన్ని వందల సార్లు. రూట్ కెనాల్ చేస్తే పన్ను ఎండుకట్టె అయిపోతుందని చాలామంది అంటారు. నిజానికి తేమలో తేడా చాలా తక్కువ. గోడలు పోవడమే అసలు బలహీనత.

ఎడ్లబండి చక్రానికి కమ్మరి ఇనుప పట్టా ఎక్కించేది కర్రలు విడిపోకుండా. క్యాప్ చేసే పనీ అదే. అయితే పట్టా పట్టుకోవడానికి కర్ర మిగిలి ఉండాలి. చిగురు పైన చుట్టూ కనీసం 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను ఉంటేనే క్యాప్ నిలుస్తుంది. ఇవాళ ఉన్న ఆ అంచు రేపు ఒక మూల విరిగితే ఉండదు. రూట్ కెనాల్ అయ్యాక రెండు మూడు వారాల్లో క్యాప్ పడితే మంచిది. నాలుగు నెలలు గడిచాయి కాబట్టి ముందు ఫిల్లింగ్ కింద లీకేజీ ఉందేమో ఎక్స్‌రే తీసి చూడమనండి. అందాకా ఆ వైపు నమలకండి.

అన్ని పళ్లకూ ఇదే లెక్క కాదు. ముందుపన్నుకు వెనకవైపు చిన్న రంధ్రం చేసి వైద్యం చేస్తే, మిగతా పన్ను గట్టిగా ఉంటే, మామూలు ఫిల్లింగ్‌తో సరిపోవచ్చు. అక్కడా క్యాప్ తప్పదంటే ఎందుకో అడగండి.

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. దవడ పాలపన్నుకు స్టీల్ క్యాప్ వేస్తామన్నారు. ఎలాగూ ఊడిపోయే పన్నే కదా?
- ఒక తల్లి, వికారాబాద్

జవాబు: ఊడుతుందమ్మా, పది పన్నెండేళ్లకు. అందాకా బాబు దేంతో నమలాలి? పైగా ఆ పన్ను ముందే పోతే పక్క పళ్లు ఆ చోటికి ఒరుగుతాయి, కింద నుంచి రావలసిన పన్ను వంకర పోతుంది. పెద్ద పుచ్చుకు స్టీల్ క్యాప్ చవకైనది, గట్టిది. పాలపన్ను ఊడేటప్పుడు దాంతోపాటే వచ్చేస్తుంది.

ప్రశ్న: ముందుపళ్లు కొంచెం పసుపుగా ఉన్నాయి. పెళ్లిలోపు నాలుగు క్యాపులు వేయించుకోనా?
- ఒక విద్యార్థిని, తాండూరు

జవాబు: వద్దమ్మా. క్యాప్ కోసం పన్నును చుట్టూ ఒక మిల్లీమీటరుకు పైనే అరగదీయాలి. అరిగిన ఎనామిల్ మళ్లీ పుట్టదు. ముందు క్లీనింగ్ చేయించుకో, తర్వాత అవసరమైతే బ్లీచింగ్.

ప్రశ్న: మెటల్, సిరామిక్, జిర్కోనియా అంటున్నారు. ఏది వేయించుకోవాలి? తక్కువలో ఎక్కడ అవుతుంది?
- మరో పాఠకుడు, వికారాబాద్

జవాబు: ఎవరికీ కనిపించని చివరి దవడ పన్నుకు మెటల్ క్యాప్ ఏమాత్రం తక్కువది కాదు. దానికి పన్నును తక్కువ అరగదీస్తే చాలు, చాలాకాలం వస్తుంది. నవ్వితే కనిపించే చోటుకు జిర్కోనియా బాగుంటుంది. మెటల్ మీద సిరామిక్ వేసినవాటిలో ఒక్కోసారి పైపూత పెచ్చులు ఊడుతుంది. చవక గిల్టు నగలకు మీ ఒంటి మీద దద్దుర్లు వస్తే నికెల్ ఉన్న లోహం వద్దని ముందే చెప్పండి. ఖర్చు తగ్గాలంటే మీ ఊళ్లోనే శ్రీ సాయి దంత వైద్య కళాశాల ఉంది, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు కాబట్టి తిరగడం ఎక్కువే. కూలి పోతుంది, అదీ లెక్కలో వేసుకోండి.

ఒక మాట. క్యాప్ పుచ్చదు గానీ, దాని అంచు కింద పన్ను పుచ్చుతుంది. రాత్రి బ్రష్ మానకండి, సందుల్లో ఫ్లాస్ దారం ఆడించండి. క్యాప్ ఊడితే ఫెవిక్విక్‌తో అంటించుకోకండి. కడిగి చిన్న డబ్బాలో వేసి తెచ్చుకోండి, పన్ను గట్టిగా ఉంటే అదే మళ్లీ అతకవచ్చు.