కరగడం వెనుక ఉన్న లెక్క



యునానీ వైద్యంలో మందు తయారుచేసే పద్ధతులు చాలా ఉన్నాయి. రాత్రి నానబెట్టి ఉదయం వడగట్టి తాగేది ఖిసాందా. నీళ్ళలో మరిగించి తాగేది జోషాందా. చక్కెర పాకంలో కలిపి నిలవ ఉంచేది షర్బత్. ఆవిరిగా పట్టి చల్లార్చి దించేది అర్ఖ్. నూనెలోకి దించేది రోగన్. ఇన్ని పద్ధతులు ఎందుకని చాలామంది అడుగుతుంటారు. ఏ పదార్థం దేనిలో కరుగుతుంది, ఎంత కరుగుతుంది అన్నదే దీనికి ముఖ్య కారణం. ఈ వారం ఆ సంగతి తెలుసుకుందాం. పిల్లలకు విరేచనాలు పట్టుకున్నప్పుడు ఇదే లెక్క ప్రాణం నిలుపుతుంది. కాబట్టి చివరిదాకా చదవండి, ఇంట్లో ఆడవాళ్ళకు చదివి వినిపించండి.

కరగడం అంటే ఏమిటి?

గ్లాసు నీళ్ళలో చెంచాడు ఉప్పు వేసి కలిపితే ఉప్పు కంటికి కనబడదు. అలాగని అది మాయం కాలేదు. ఆ నీళ్ళను పళ్ళెంలో పోసి ఎండలో పెడితే నీరు ఆవిరైపోయి ఉప్పు మళ్ళీ తేలుతుంది. ఇక్కడ నీరు ద్రావణి, ఉప్పు ద్రావితం, రెండూ కలిసినది ద్రావణం.

నీటి అణువుకు ఒక కొసన కొద్దిపాటి ధన విద్యుత్తు, మరో కొసన ఋణ విద్యుత్తు ఉంటాయి. ఉప్పులో సోడియం, క్లోరైడ్ అనే రెండు రకాల అయాన్లు ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటాయి. నీటి అణువులు వాటిని చుట్టుముట్టి, విడదీసి, నీటిలోకి లాక్కుపోతాయి. చక్కెరలో అణువు విరగదు. ఒక అణువు నుంచి మరో అణువు విడిపోతుంది, అంతే.

నీళ్ళలో వేసినదల్లా కరగదు. ఇసఫ్‌గోల్, బేహిదానా నీటిని పీల్చుకొని ఉబ్బి జిగురవుతాయి. ఆ జిగురునే మేము లుఆబ్ అంటాం. ఇసఫ్‌గోల్‌ను నిండు గ్లాసు నీళ్ళతో తాగమనేది అందుకే. పొడిగా మింగితే గొంతులోనే ఉబ్బి అడ్డుపడవచ్చు.

నీటికి లొంగనిది నూనెకు లొంగుతుంది

రతన్‌జోత్ వేరును నీళ్ళలో వేసి చూడండి, రంగు సరిగా దిగదు. వేడి నూనెలో వేస్తే నూనె ఎర్రబడుతుంది. కర్పూరం కూడా నీటిలో చాలా కొద్దిగానే కరుగుతుంది, కొబ్బరినూనెలో బాగా కరుగుతుంది. పసుపులోని రంగు పదార్థమూ అంతే. ఇలాంటి వాటికి రోగన్ తగిన పద్ధతి. సోంపు, గులాబీ వంటి వాటి సువాసన ఆవిరితో లేచిపోతుంది కనుక వాటికి అర్ఖ్ పనికొస్తుంది. సోంపు వేసిన జోషాందాను మూత పెట్టి కాచాలి. మూత తీసి ఉంచితే వాసనతోపాటు గుణమూ పోతుంది.

ఎంత కరుగుతుంది?

కరగడానికి ఒక హద్దు ఉంది. మామూలు వేడిలో 100 గ్రాముల నీటిలో ఉప్పు సుమారు 36 గ్రాములే కరుగుతుంది. ఆపైన ఎంత కలిపినా అడుగున నిలుస్తుంది. దాన్నే సంతృప్త ద్రావణం అంటారు. చక్కెర అయితే అదే నీటిలో సుమారు 200 గ్రాములు కరుగుతుంది. నీటిని మరిగిస్తే ఉప్పు 39 గ్రాములకు మించదు, చక్కెర మాత్రం 480 గ్రాముల దాకా పోతుంది. అందుకే షర్బత్ పాకం వేడిమీదే పడతాం. మరీ ముదిరితే చల్లారాక చక్కెర పలుకులు కడుతుంది. నాలుగు చుక్కల నిమ్మరసం వేసి కాస్తే చక్కెరలో కొంత విడిపోయి పలుకు కట్టడం తగ్గుతుంది.

చిక్కటి షర్బత్ నెలల తరబడి చెడకుండా ఉండటానికి కారణం, అందులోని చక్కెర నీటిని బిగబట్టి ఉంచడం. సూక్ష్మక్రిములకు తాగను నీరు దొరకదు. పాకం పలచనైతే నాలుగు రోజుల్లో పులిసి నురుగు కడుతుంది.

గాఢత నీటిని లాగుతుంది

మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి ఉంచితే తెల్లారేసరికి జాడీలో నీరు ఊరుతుంది. ఆ నీరు ముక్కల్లోదే. ఎండు ద్రాక్షను మంచినీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది. అదే ఉబ్బిన ద్రాక్షను చిక్కటి పాకంలో వేస్తే ముడుచుకుంటుంది. పలచని వైపు నుంచి చిక్కని వైపుకు నీరు నడుస్తుంది. మన పేగుల్లోనూ ఇదే జరుగుతుంది.

విరేచనాలలో శరీరం నుంచి నీరు, లవణాలు పోతాయి. వట్టి నీళ్ళు తాగిస్తే లవణాలు తిరిగి రావు. గ్లూకోజ్ తోడుంటే పేగు గోడ సోడియంను బాగా లోపలికి తీసుకుంటుంది, ఆ వెంట నీరు కూడా వెళ్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి కాందిశీకుల శిబిరంలో కలరా వ్యాపించింది. బంగావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్నే నోటి ద్వారా తాగించి వేలాది ప్రాణాలు నిలిపారు. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉప్పు, గ్లూకోజ్ పాళ్ళను ఇంకా తగ్గించింది. ఇప్పటి లెక్క ప్రకారం 1 లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, మొత్తం 20.5 గ్రాములు.

పొరపాటు జరిగేది ఇక్కడే. లీటరు ప్యాకెట్‌ను గ్లాసు నీళ్ళలో కలిపి, చిక్కగా ఉంటే బలమని కొందరు తాగిస్తారు. ఆ చిక్కదనం ఊరగాయ జాడీలో జరిగినట్టే బిడ్డ ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతుంది. విరేచనాలు పెరుగుతాయి, రక్తంలో ఉప్పు పెరిగి ప్రమాదం ముంచుకొస్తుంది. మరీ పలచన చేసినా లవణాలు చాలవు.

గుర్తుంచుకోవలసినవి

1. ప్యాకెట్ మీద 1 లీటరు అని ఉందో, 200 మి.లీ. అని ఉందో చదవండి. కాచి చల్లార్చిన నీటిని అంతే కొలిచి, ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపండి. పంచదార, పాలు, పండ్లరసం చేర్చకండి. కలిపాక మరిగించకండి. 24 గంటలు దాటితే పారబోయండి.

2. ప్యాకెట్ దొరకని వేళ 1 లీటరు నీటికి 6 సమ చెంచాల చక్కెర, అర సమ చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, అంచు వరకే. పిడికిలి లెక్క వద్దు.

3. ప్రతి విరేచనానికి 2 ఏళ్ళలోపు బిడ్డకు 50 నుంచి 100 మి.లీ., అంతకు పెద్ద పిల్లలకు 100 నుంచి 200 మి.లీ. కొద్దికొద్దిగా పట్టండి. తల్లిపాలు మానకండి.

4. కళ్ళు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా, మలంలో రక్తం పడినా జోషాందాలతో కాలం గడపకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

మరొక మాట. సిర్కాతో చేసే సికంజబీన్‌ను, చింతపండు పులుసును కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెల్లో ఉంచకండి. పులుపుకు లోహం కూడా కరుగుతుంది. గిన్నెకు పట్టే ఆకుపచ్చని కిలుము దాని గుర్తే, అది కడుపులోకి పోతే వాంతులు పట్టుకుంటాయి.

మందు మంచిదైతే చాలదు, పాలు కూడా సరిగా ఉండాలి. అల్లాహ్ మన పిల్లలందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక, ఆమీన్.