మొరాయించిన కంప్యూటరు – కారణాన్వేషణ

గద్వాల, వనపర్తి సంస్థానాలు ఒకప్పుడు పండితసభలకు పేరుపొందాయి. పండితులు అభ్యసించిన తర్కశాస్త్రంలో పొగను చూసి నిప్పును ఊహించడం ప్రసిద్ధమైన ఉదాహరణ. నేడు ఆ పట్టణాల్లోనైనా, నాగర్‌కర్నూలులోనైనా కంప్యూటరు మొరాయించినప్పుడు విద్యార్థికి తోడ్పడేది ఆ కార్యకారణ విచారణే.

మీట నొక్కినా చలనం లేకపోతే మొదట గోడ ప్లగ్గులో మరొక పరికరాన్ని పెట్టి విద్యుత్తు ఉన్నదో లేదో చూడాలి. తరువాత కంప్యూటరు వెనుకనున్న తీగను, స్విచ్చిని పరిశీలించాలి. అవి సరిగా ఉండీ ఫ్యాను తిరగకపోతే ఎస్.ఎం.పి.ఎస్.ను అనుమానించాలి. 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి భాగాలకు అందించేది అదే. దానిలోని కెపాసిటర్లలో ప్లగ్గు తీసిన తరువాత కూడా విద్యుత్తు నిలిచి ఉంటుంది. కనుక దానిని విప్పరాదు, నిపుణుని చేత మార్పించాలి.

ఫ్యాను తిరుగుతున్నా తెర చీకటిగా ఉంటే మానిటరు తీగను సరిచూడాలి. ఆపైన ప్లగ్గు తీసి, లోహపు పెట్టెను తాకి చేతిలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకొని, ర్యామ్‌ను తీసి తుడిచి మళ్ళీ గట్టిగా అమర్చాలి. ధూళి వల్ల కలిగిన లోపం దీనితోనే తొలగవచ్చు.

ఎస్.ఎం.పి.ఎస్., ర్యామ్‌లు చెడినా హార్డ్‌డిస్కులో దాచుకొన్న పాఠాలు చాలావరకు భద్రంగానే ఉంటాయి. కారణం తెలియకముందే డిస్కును ఫార్మాట్ చేయిస్తే మాత్రం అవి చేజారిపోతాయి.