అమ్మకు తగ్గింది ఆకలేనా?

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్లు. నాన్న పోయి ఎనిమిది నెలలైంది. అప్పుడు 58 కిలోలుండేది, ఇప్పుడు 51. ఏడవదు, ఎవరితోనూ మాట్లాడదు, అన్నం సయించట్లేదంటుంది. మందుల షాపులో ఇచ్చిన ఆకలి సిరప్ రెండు సీసాలు వాడాం. ఇంకా మంచిది ఏదైనా చెప్పండి.
– ఓ కూతురు, తెనాలి

జవాబు: చెప్పనమ్మా. ఉన్నది కూడా ఆపేయండి. ఈ సిరప్‌లలో చాలావాటిలో ఉండేది సైప్రోహెప్టాడిన్ అనే పాత అలర్జీ మందు. పెద్దవాళ్లకు మత్తు, మలబద్ధకం, తికమక తెస్తుంది, ఒక్కోసారి మూత్రం ఆగిపోతుంది. ఆ మత్తులో రాత్రి బాత్‌రూముకు లేచి పడి తుంటి విరిగితే ఎవరు చూస్తారు? కొందరు ఒళ్లు చేయడానికని స్టెరాయిడ్ మాత్రలూ కొంటారు. ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, కండ కరిగిపోతుంది. అమ్మకు ఏమైందో తెలియకుండా మందు పోయడం ప్రేమ కాదు. దయచేసి మానండి.

ప్రయత్నించకుండానే ఆరు నెలలు, ఏడాదిలో ఒంటి బరువు 5 శాతం తగ్గితే కారణం వెతకాలి. మీ అమ్మ 12 శాతం తగ్గింది! ఈ వారమే ఫిజీషియన్‌కు చూపించండి. షుగర్, థైరాయిడ్, బి12, క్షయ, క్యాన్సర్, చివరికి కట్టుడుపళ్లు వదులయ్యాయేమో కూడా చూడాలి. థైరాయిడ్ ఎక్కువైన పెద్దవాళ్లు కొందరు దడ, వణుకు లేకుండానే చిక్కిపోయి డీలాపడతారు.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ‘ఎవరితోనూ మాట్లాడదు’ అన్న మాట. ఈ వయసులో డిప్రెషన్ వచ్చినవాళ్లు చాలామంది దిగులుగా ఉందనరు. ఒళ్లు నొప్పులంటారు, ముద్ద దిగట్లేదంటారు, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. ఇన్నేళ్లూ ఇంకొకరి ఇష్టం చూసి వండిన మనిషికి తన ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించబుద్ధి కాదు. పేరంటాలకు పిలిచేవాళ్లూ తగ్గిపోతారు. ఇంత పెరుగన్నంతో రోజు గడిపేస్తుంది.

అందుకే సైకియాట్రిస్టుకూ ఇప్పుడే చూపించండి, పరీక్షలన్నీ అయ్యేదాకా ఆగొద్దు. పెద్దవాళ్ల కోసమే తయారుచేసిన 15 ప్రశ్నల జాబితా ఒకటుంది. అందులో ఆకలి, నిద్ర ఊసే ఉండదు, అవి వేరే జబ్బుల వల్లా చెడతాయి కాబట్టి. మిర్టజపిన్ లాంటి మందు దిగులు తగ్గిస్తూనే ఆకలి, నిద్ర పెంచుతుంది. పేరు తెలిసిందని షాపుకు పరుగెత్తకండి. మోతాదు డాక్టరే చెప్పాలి, రక్తంలో సోడియం పడిపోతోందేమో చూస్తుండాలి. గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మాన్పించకండి. ‘నేనెందుకు బతకడం’ అన్న మాట వింటే మాత్రం ఆ రోజే తీసుకెళ్లండి. టెలిమానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. రోజూ ఒక్క పూటైనా అమ్మ పక్కన కూర్చుని మీరూ తినండి.

ప్రశ్న: వయసు 66. రిటైరయ్యాక పది కిలోలు పెరిగాను. ఏ పనీ చేయబుద్ధి కావట్లేదు. లావు తగ్గితే డిప్రెషన్ పోతుందని వీడియోలో చూసి ఒక పౌడర్ తెప్పించాను. వాడొచ్చా?
– ఓ విశ్రాంత ఉద్యోగి, కరీంనగర్

జవాబు: వద్దు. రిమొనబాంట్ అనే బరువు తగ్గించే మాత్ర అన్ని పరీక్షలూ దాటి వచ్చింది. వాడినవాళ్లలో డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు కనబడడంతో 2008లో యూరప్‌లో దాన్ని ఆపేశారు. మీ పౌడర్‌కు ఏ పరీక్ష జరిగిందండీ? లావు దిగులును పెంచుతుంది, దిగులు లావును పెంచుతుంది. మీకు ఏది ముందొచ్చిందో వీడియో చెప్పలేదు. థైరాయిడ్ తగ్గినా రెండూ కలిసే వస్తాయి, టీఎస్‌హెచ్ చేయించండి. గురక ఉంటే అదీ డాక్టర్‌కు చెప్పండి. కడుపు మాడ్చుకోకండి, ఈ వయసులో కొవ్వుతోపాటు కండా పోతుంది. పొద్దున్నే ఎవరినైనా తోడు తీసుకుని నడవండి. పనిమీద మనసు పోవట్లేదన్న సంగతి డాక్టర్‌తో ముందుగా చెప్పండి, బరువు మాట తర్వాత.

ప్రశ్న: వయసు 70, ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 60 కిలోలు. హుషారుగానే ఉన్నాను. డిప్రెషన్ రాకుండా బరువు తగ్గాలా?
– ఓ పాఠకుడు, అనంతపురం

జవాబు: అక్కర్లేదు.