ప్యానెళ్లు మీరే బిగించారా? మీటరు మారేదాకా ఆగండి

ప్రశ్న: ముత్తంగిలో మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు, ఇన్వర్టర్ కొని నేనే బిగించుకున్నాను. గ్రిడ్‌కు కలపడానికి అనుమతి ఎలా? సబ్సిడీ వస్తుందా?

జవాబు: ఇప్పటికే ఇంటి లైనుకు కలిపి ఉంటే వెంటనే విడదీయండి. కరెంటు తీసేసి స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మీ డాబా మీది విద్యుత్తు ఎదురొస్తే ప్రాణమే పోవచ్చు. గ్రిడ్ ఆగగానే తనంతట తానే ఆగిపోయే ఇన్వర్టర్‌నే అనుమతిస్తారు. దాన్ని యాంటీ ఐలాండింగ్ రక్షణ అంటారు. మీ ఇన్వర్టర్‌కు ఆ పరీక్షా పత్రం ఉందో లేదో చూడండి. లేకపోతే దాన్ని మార్చక తప్పదు.

తర్వాత మీ విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) టీజీఎస్‌పీడీసీఎల్‌కు నెట్ మీటరింగ్ దరఖాస్తు పెట్టండి. 2024లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల వరకు సాంకేతిక సాధ్యత అధ్యయనం అక్కర్లేదు. మంజూరైన లోడు చాలకపోతే డిస్కమే పెంచాలి. అలాగని భద్రతలో మినహాయింపేమీ లేదు. ఎర్తింగ్, పిడుగు రక్షణ, డీసీ వైరింగ్‌ను లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌తో పరీక్ష చేయించండి. పని చూడకుండానే సంతకం పెట్టేవారిని దగ్గరికి రానీయకండి.

నెట్ మీటరు బిగించాకే గ్రిడ్‌కు కలపాలి. కొన్ని పాత మీటర్లు మీరు బయటికి పంపిన యూనిట్లను కూడా వాడకంగానే లెక్కేస్తాయి.

ఇక సబ్సిడీ సంగతి: కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు రూ.78,000 సబ్సిడీ ఉంది. కానీ నమోదైన వెండర్ బిగించాలి, సెల్స్ సహా ప్యానెళ్లు దేశంలో తయారైనవై ఉండాలి. మీరే బిగించుకున్నారు కాబట్టి దానిమీద ఆశ పెట్టుకోవద్దు.