స్క్వాష్ క్రీడ: సాధన – వ్యూహం

క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ ఆటలను చూస్తూ పెరిగిన మనలో చాలామందికి స్క్వాష్ కొంత అపరిచితమైన క్రీడ. నాలుగు గోడల నడుమ ఇద్దరు క్రీడాకారులు ఒకే గోడకు అభిముఖంగా నిలిచి ఆడే ఆట ఇది. టెన్నిస్‌లో ప్రత్యర్థుల మధ్య వల ఉంటుంది. ఇక్కడ అటువంటి హద్దు లేదు. ప్రత్యర్థి మన పక్కనే ఉంటాడు. మనం విడిచిన చోటును తాను ఆక్రమిస్తాడు. కనుక బంతిని ఎంత బలంగా కొట్టామన్న దానికంటె, కొట్టిన తరువాత ఎక్కడ నిలిచామన్నదే ఈ క్రీడలో ప్రధానం. ఈ సూత్రాన్ని ఆకళింపు చేసుకొన్నవారికి తక్కిన మెలకువలు క్రమంగా పట్టుబడతాయి.

ఈ క్రీడ పంతొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండులోని హారో పాఠశాలలో పుట్టింది. అక్కడి విద్యార్థులు రాకెట్స్ అనే ఆట ఆడేవారు. గాలి పోయిన మెత్తని బంతి గోడకు తగిలి అణగిపోయేది. దానిని అందుకోవడానికి మరింత పరుగు, మరింత నేర్పు అవసరమయ్యేవి. అణగిపోవడాన్ని తెలిపే ఆంగ్లపదమే ఈ కొత్త ఆటకు పేరయింది.

కోర్టు పొడవు 9.75 మీటర్లు, వెడల్పు 6.40 మీటర్లు. ముందు గోడ అడుగున సాధారణంగా 48 సెంటీమీటర్ల ఎత్తు వరకు రేకు ఉంటుంది. దీనినే ‘టిన్’ అంటారు. బంతి ఈ రేకుకు పైన, 4.57 మీటర్ల ఎత్తున గీసిన హద్దుకు కింద తగలాలి. అది నేలపై రెండుసార్లు పడకముందే ప్రత్యర్థి దానిని తిరిగి ముందు గోడకు చేర్చాలి. చేర్చలేకపోతే పాయింటు కోల్పోతాడు. 11 పాయింట్లు ముందుగా సాధించినవారిది గేమ్. స్కోరు 10-10 అయితే రెండు పాయింట్ల ఆధిక్యం రావాలి. ఐదు గేముల పోటీలో మూడు గెలిచినవారు విజేతలు.

కోర్టును అడ్డంగా విభజించే గీత, వెనుక భాగాన్ని రెండుగా పంచే గీత కలిసేచోట ఆంగ్లాక్షరం ‘టీ’ ఆకారం ఏర్పడుతుంది. నాలుగు మూలలకూ కొద్ది అడుగులలో చేరగలిగిన కేంద్రస్థానం ఇదే. కొత్తగా నేర్చుకొనేవారు ముందు మూలకు పరుగెత్తి, బంతిని కొట్టి, దాని గమనాన్ని చూస్తూ అక్కడే నిలిచిపోతారు. ఇంతలో ప్రత్యర్థి బంతిని వెనుక మూలకు పంపుతాడు. పద్మవ్యూహంలోకి ప్రవేశించడమే తెలిసి, వెలికి రావడం తెలియని అభిమన్యుని స్థితి వారిది. శౌర్యం కొరవడి కాదు, తిరుగుదారి ఎరుగక ఓడిపోతారు. కొట్టడం సగం పని. తిరిగి ‘టీ’ వద్దకు చేరడం మిగిలిన సగం.

తిరిగి రావడానికి వ్యవధి కావాలి. ఆ వ్యవధిని మన దెబ్బయే సంపాదించి పెట్టాలి. పక్కగోడను అంటిపెట్టుకొని వెనుక మూలకు సాగే నిలువు దెబ్బను ‘స్ట్రెయిట్ డ్రైవ్’ అంటారు. అది ప్రత్యర్థిని వెనుకకు లాగి, మధ్యస్థానాన్ని మనకు విడిపిస్తుంది. ఏటవాలుగా ఎదుటి వైపునకు పంపే ‘క్రాస్‌కోర్ట్’ దెబ్బకు తగిన వెడల్పు ఉండాలి; లేకుంటే మధ్యలో ఉన్న ప్రత్యర్థి దానిని గాలిలోనే అందుకొంటాడు. ఎత్తుగా, నెమ్మదిగా సాగే ‘లాబ్’ మనం చిక్కుల్లో ఉన్నప్పుడు ఊపిరి తీసుకొనే అవకాశమిస్తుంది. ముందు గోడ చెంత బంతిని మృదువుగా జారవిడిచే ‘డ్రాప్’ను ప్రత్యర్థి వెనుక చిక్కుకొన్నప్పుడే ప్రయోగించాలి. ముందు పొడవు, ఆ తరువాత ముగింపు: ఇదే క్రమం.

బంతి స్వభావాన్ని కూడా గమనించాలి. సుమారు 24 గ్రాముల బరువుండే ఈ రబ్బరు బంతి చల్లగా ఉన్నప్పుడు తక్కువగా, వేడెక్కిన కొద్దీ ఎక్కువగా ఎగురుతుంది. అందువల్లనే ఆటకు ముందు దానిని గోడకు కొట్టి వేడిచేస్తారు. బంతి వేడెక్కి చురుకుగా ఉన్నప్పుడు తొందరపాటు ‘డ్రాప్’ ప్రత్యర్థికి వరమవుతుంది.

సాధనకు తోడు లేకపోయినా లోటు లేదు. ఒంటరిగా నిలిచి, పక్కగోడకు దగ్గరగా నిలువు దెబ్బలను వరుసగా కొట్టవచ్చు. బంతి లేకుండానే ‘టీ’ నుండి ఒక్కొక్క మూలకు వెళ్లి, దెబ్బను అభినయించి, తిరిగి రావడం మరొక సాధన. ఇది పాదాలకు తిరుగుదారిని నేర్పుతుంది. ప్రత్యర్థి మన వెనుక ఉన్నప్పుడు ముందు గోడను చూస్తూ నిలువక, తల తిప్పి బంతిని గమనించే అలవాటు కూడా చేసుకోవాలి. కళ్లకు రక్షణ కల్పించే అద్దాలు తప్పక ధరించాలి.

ఓర్పు ఎంతటి ఆయుధమో చరిత్ర చెబుతుంది. 1983లో ఇంగ్లండులోని చిచెస్టర్‌లో పాకిస్థాన్ క్రీడాకారుడు జహంగీర్ ఖాన్, ఈజిప్టుకు చెందిన గమాల్ అవాద్‌ల పోటీ 2 గంటల 46 నిమిషాలు సాగింది. తొలి గేమే గంటకు పైగా పట్టింది. అందులో ఓడిన జహంగీర్ ఆ తరువాతి మూడు గేములనూ గెలిచాడు. ఐదేళ్లకు పైగా ఓటమి ఎరుగని ఆ వీరుణ్ణి 1986 ప్రపంచ ఓపెన్ ఫైనల్లో న్యూజిలాండ్ క్రీడాకారుడు రాస్ నార్మన్ ఓడించాడు. అంతకుముందు అతనిచేత పలుమార్లు ఓడినవాడే నార్మన్! 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల పురుషుల జట్టు ఫైనల్లో పాకిస్థాన్‌పై నిర్ణాయక పోటీ ఆడిన చెన్నై యువకుడు అభయ్ సింగ్, చివరి గేములో 8-10తో వెనుకబడ్డాడు. ఒక్క పాయింటు పోతే స్వర్ణం చేజారే ఆ స్థితి నుండి 12-10తో గెలిచి దేశానికి స్వర్ణపతకం అందించాడు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు తొలిసారిగా చోటు లభించింది.

చివరగా ఒక మాట. ఒకే గదిని పంచుకొనే ఈ క్రీడలో ప్రత్యర్థికి దారి ఇవ్వడం నియమం. అతడు అడ్డుగా ఉండి, కొడితే గాయమయ్యే ప్రమాదముంటే, చేయి ఆపి ‘లెట్’ కోరాలి. బంతి రెండుసార్లు నేలను తాకిందని తనకు తెలిసినప్పుడు ఎవరూ అడగకముందే ఒప్పుకోవాలి. తన స్థానాన్ని తాను నిలుపుకొంటూ, ఎదుటివాని చోటును గౌరవించడం స్క్వాష్ నేర్పే పాఠం. ఈ పాఠం కోర్టు వెలుపల కూడా విద్యార్థులకు శిరోధార్యం.

ప్రశ్నలు

1. ‘కొట్టడం సగం పని’ అని రచయిత ఎందుకన్నారు? వివరించండి.
2. ‘ముందు పొడవు, ఆ తరువాత ముగింపు’ అనే క్రమాన్ని సోదాహరణంగా తెలపండి.
3. స్క్వాష్ క్రీడలో ఓర్పుకు గల ప్రాధాన్యాన్ని పాఠం ఆధారంగా నిరూపించండి.